నా క్లిప్‌తో వేరే ఛానెల్ డబ్బు సంపాదిస్తోంది, వాటా అడిగితే ఎంత అడగాలి?

నిశిలెన్స్:

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను పురుగుల్నీ సాలీళ్లనీ బాగా దగ్గర్నుంచి షూట్ చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. చిన్న ఛానెల్. పోయిన ఏడాది ఒక సాలీడు గూడు అల్లడాన్ని మొదటి దారం నుంచి చివరి దారం దాకా తీశాను, 14 నిమిషాల వీడియో. చూడ్డానికి 14 నిమిషాలే గానీ తీయడానికి మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి గాలి ఆగలేదు, ఫోకస్ నిలవలేదు. రెండో రాత్రి సగంలో బ్యాటరీ పోయింది, మార్చేలోపు అసలు ఘట్టం అయిపోయింది. మూడో రాత్రి మోకాళ్ల మీద కూర్చుని, కదలకుండా, మొత్తం తీశాను. గూడు అల్లే సాలీడు ముందు జిగురు లేని దారంతో ఒక తాత్కాలికమైన చుట్టు వేసుకుంటుంది, దాన్ని మెట్లలాగా వాడుకుంటూ అసలు జిగురు దారం వేస్తుంది, వేస్తూ వేస్తూ ఆ పాత దారాన్ని తెంపేస్తూ వస్తుంది. ఆ తెంపడం, అతికించడం రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించే ముక్క నా వీడియోలో 52 సెకన్లు ఉంటుంది. మూడు రాత్రులూ ఆ 52 సెకన్ల కోసమే.

ఆ 52 సెకన్లు నాకు తెలిసి ఇప్పుడు ఇంకో మూడు చోట్ల ఉన్నాయి. ఒక పెద్ద ఛానెల్ తన 8 నిమిషాల కంపైలేషన్‌లో (వేర్వేరు వాళ్ల క్లిప్పులు అతికించి చేసే వీడియో) పెట్టుకుంది, థంబ్‌నెయిల్ కూడా నా ఫ్రేమే, డిస్క్రిప్షన్‌లో అన్నిటికన్నా కింద నా ఛానెల్ పేరు రాశారు, లింకు కూడా లేదు. ఇంకొకరు నిలువుగా కత్తిరించి, మూలనున్న నా వాటర్‌మార్క్ పోయేలా చేసి, పాట వేసి షార్ట్‌గా పెట్టారు. అది నాదేనని ఎలా తెలిసిందంటే 31వ సెకను దగ్గర పాట కాస్త తగ్గగానే వెనకాల నా దగ్గు వినిపిస్తుంది. ఆ రాత్రి ఎంత ఆపుకున్నా ఆగని దగ్గు అది. మూడోది వేరే యాప్‌లో ఒక పేజీ, వాళ్లు పేరు కూడా రాయలేదు.

పెద్ద ఛానెల్ వాళ్లకి మెయిల్ పెట్టాను. "క్రెడిట్ ఇచ్చాం కదా, మీకూ పబ్లిసిటీ వస్తుంది" అన్నారు. వాళ్ల వీడియోకి ముప్ఫై లక్షల వ్యూస్ వచ్చాయి. అక్కడ పేరు చూసి వెతుక్కుంటూ నా ఛానెల్‌కి వచ్చామని చెప్పినవాళ్లు కామెంట్లలో పదకొండు మంది కనిపించారు.

తీసేయమనాలా, డబ్బు అడగాలా? డబ్బైతే ఏ లెక్కన? ఊరికే ఒక అంకె చెప్పి అడగడం నాకు ఇష్టం లేదు, ఇదీ లెక్క అని చూపించి అడగాలని ఉంది. ఒక పక్కేమో నాకు ఆశ ఎక్కువైందా అని అనుమానం, ఇంకో పక్క రాత్రి నిద్ర పట్టట్లేదు.

మూడోస్ట్రైక్:

ముందు ఆ అనుమానం వదిలేయండి. మీ కష్టానికి డబ్బు అడగడం ఆశ కాదండీ.

ఇవాళే చేయాల్సిన పని చెప్తాను. ఆ మూడు చోట్లా స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. లింకు, తేదీ, వ్యూస్ అంకె, మీ ముక్క ఏ సెకను దగ్గర మొదలై ఏ సెకను దగ్గర ఆగింది, అన్నీ కనబడాలి. ముందు మెయిల్ పెట్టి తర్వాత రికార్డ్ చేద్దామనుకుంటే చాలామంది ఆలోపు వీడియో ప్రైవేట్ చేసేసి "ఏ వీడియో అండీ?" అంటారు. మీ కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు, ఆ పాడైపోయిన రెండు రాత్రుల ఫైళ్లతో సహా దాచుకోండి. ఎత్తుకున్నవాడి దగ్గర ఎడిట్ చేసిన వీడియో ఉంటుంది గానీ చెడిపోయిన టేకులు ఉండవు.

రెండోది, మీ వీడియో సెట్టింగ్స్ తెరిచి లైసెన్స్ దగ్గర ఏముందో చూడండి. యూట్యూబ్‌లో రెండే రకాలు, ఒకటి స్టాండర్డ్, రెండోది క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్. పొరపాటున రెండోది ఎంచుకుని ఉంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బు సంపాదించుకోవచ్చు కూడా, అప్పుడు మీరు అడగడానికి ఏమీ మిగలదు. ఇది చూసుకోకుండా గొడవకి దిగినవాళ్లని నేను చూశాను.

స్టాండర్డే అయితే మీ చేతిలో ఏముందంటే, కంటెంట్ ఐడీ అనేది, అంటే మన వీడియోని వేరేవాళ్లు వాడితే తనంతట తనే పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు, మీకు ఇవ్వరు. 2007 నుంచి ఉంది అది, కానీ పెద్ద ఎత్తున సొంత హక్కులున్న సంస్థలకే ఇస్తారు. అది ఉన్నవాళ్లకి మూడు దారులుంటాయి: ఆ వీడియోని ఆపేయొచ్చు, దాని మీద వచ్చే యాడ్ డబ్బు తమవైపు తిప్పుకోవచ్చు, ఊరికే లెక్క చూసుకుంటూ ఉండొచ్చు. యూట్యూబ్ చెప్పిన దాని ప్రకారమే నూటికి 90కి పైగా క్లెయిముల్లో హక్కుదారులు డబ్బు దారే ఎంచుకుంటారు. అంటే తీసేయించడం కంటే వాటా తీసుకోవడమే మేలని పెద్ద కంపెనీలు ఎప్పుడో తేల్చుకున్నాయి, చిన్నవాళ్లకి మాత్రం ఆ బటన్ లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మనలాంటి వాళ్లకి ఇచ్చింది కాపీరైట్ మ్యాచ్ టూల్. అది పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా మళ్లీ అప్‌లోడ్ చేసిన వీడియోల్ని పట్టుకోవడానికి పెట్టింది. 14 నిమిషాల్లోంచి 52 సెకన్లు కోసుకుపోతే దానికి దొరుకుతుందని నమ్మకం లేదు. కాబట్టి మీరే వెతుక్కోవాలి, మీరే ఫారం నింపాలి. తీసేయమని అడిగేటప్పుడు వెంటనే కాకుండా 7 రోజుల గడువు ఇచ్చే ఆప్షన్ ఉంటుంది, అది వాడండి. ఆ వారంలోపు వాళ్లే తీసేస్తే స్ట్రైక్, అంటే ఛానెల్ మీద పడే కాపీరైట్ మచ్చ, పడదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోయే ప్రమాదం ఉంటుంది, అందుకని ఆ 7 రోజుల్లో పెద్ద ఛానెళ్లు కూడా ఫోన్ ఎత్తుతాయి, మర్యాదగా మాట్లాడతాయి. బేరం ఏదైనా ఉంటే ఆ వారంలోనే.

ఒక జాగ్రత్త. ఇది బెదిరింపులా వాడకండి, నిజంగా మీదైన దాని మీదే వేయండి. వాళ్లు కౌంటర్ నోటిఫికేషన్ (తీసేయడం తప్పని ఎదురు అభ్యంతరం) ఇస్తే, మీరు కోర్టుకి వెళ్తున్నట్టు చూపించకపోతే వీడియో మళ్లీ పైకి వస్తుంది. అమెరికా 1998 కాపీరైట్ చట్టంలో దానికి 10 నుంచి 14 పనిదినాలని ఉంది, యూట్యూబ్ ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

పంచుకుందాం:

నాది కొంచెం వేరే మాట, తిట్టకండి. నేను తీసే ఫొటోలన్నీ క్రియేటివ్ కామన్స్ కిందే పెడతాను. 2002లో ఆ లైసెన్సులు మొదటిసారి వచ్చినప్పుడు ఉద్దేశమే అది, ప్రతిసారీ అడిగించుకోకుండా వాడుకోనివ్వడం. నా ఫొటో ఒకటి నాకు తెలియని భాషలో పాఠంలో కనిపించినప్పుడు కలిగిన సంతోషం నాకు డబ్బుతో రాదు. అందరూ లెక్కలు అడగడం మొదలుపెడితే పిల్లలు చేసుకునే ప్రాజెక్టులు కూడా ఆగిపోతాయేమో అని భయం.

నల్లసిరా:

పంచుకుందాం గారూ, మీరు ఇచ్చారు, వీళ్ల దగ్గర తీసుకున్నారు. తేడా అంతా అక్కడే ఉంది. మీకు కూడా నాన్ కమర్షియల్ అనే షరతు పెట్టుకునే వీలు ఉంది కదా, పిల్లల ప్రాజెక్టుకి ఉచితం, యాడ్స్ వేసుకునే ఛానెల్‌కి కాదు అని చెప్పడానికే అది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒకసారి క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చాక తీసుకున్నవాళ్ల దగ్గర వెనక్కి తీసుకోలేం. నేను మొదట్లో రాసిన ఇరవై వ్యాసాలు అలా ఇచ్చి ఇప్పుడు చూస్తూ కూర్చున్నాను.

నిశిలెన్స్ గారూ, నేను రాసే మనిషిని. మాకు మీకున్న టూల్ కూడా లేదు. నేను పదిహేను రోజులు కూర్చుని రాసిన వ్యాసాన్ని ఒకరు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి, గొంతు పెట్టి, వీడియో చేశారు. నేను ఒకచోట రాసేటప్పుడు తప్పు చేశాను, ఒక సంవత్సరం తప్పు పడింది, తర్వాత నా పేజీలో దిద్దుకున్నాను. ఆ వీడియోలో ఇప్పటికీ నా తప్పు నా తప్పుగానే వినిపిస్తోంది, మీ దగ్గులాగే. వీడియోని వీడియోతో పోల్చే మెషిన్లున్నాయి గానీ, రాసినదాన్ని చదివి వినిపిస్తే పట్టుకునే ఏర్పాటు నాకైతే ఏ వేదిక మీదా దొరకలేదు.

"క్రెడిట్ ఇచ్చాం కదా" అనే మాట గురించి. పేరు చెప్పడం వేరు, డబ్బివ్వడం వేరు, ఒకటి ఇచ్చామని రెండోది ఎగ్గొట్టడం కుదరదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో, ఇవాళ 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి, వేరేవాళ్ల రచనలోంచి కొటేషన్ తీసుకోవచ్చని ఉంది. కానీ అవసరమైనంతే తీసుకోవాలి, న్యాయమైన పద్ధతిలో తీసుకోవాలి, దానితోపాటు మూలం, కర్త పేరు చెప్పాలి అని ఉంది. అంటే పేరు చెప్పడం అనేది షరతుల్లో ఒకటి. పేరొక్కటి చెప్తే మిగతావన్నీ మాఫీ అని ఎక్కడా లేదు. మీ 52 సెకన్ల మీద వాళ్లు విమర్శ చేశారా, వివరించారా, ఆ సాలీడు ఏం చేస్తోందో ఒక్క మాటైనా చెప్పారా? చెప్పకుండా ఊరికే వేసుకుంటే అది కొటేషన్ కాదు, వాళ్ల వీడియోకి మీ ముక్క సరుకు, అంతే. ఇంకో మాట, అదే ఒప్పందం వల్ల మీరు ఎక్కడా రిజిస్టర్ చేయకపోయినా హక్కు పుట్టుకతోనే మీది. కాకపోతే రిజిస్టర్ చేసుకుంటే కొన్నిచోట్ల డబ్బు చేతికొచ్చే దగ్గర తేడా పడుతుంది. 2025లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ, పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దించుకుందన్న కేసులో, రచయితలకీ ప్రచురణకర్తలకీ 150 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. ఆ జాబితాలో చేరాలంటే ఆ పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో సకాలంలో రిజిస్టరై ఉండాలి. నాలాగా సొంత పేజీలో రాసుకునేవాళ్లకి అందులో ఏమీ లేదు.

కత్తెరపని:

నేను అవతలి పక్క మనిషిని. కంపైలేషన్ ఛానెల్ నడుపుతాను. మొదటి రెండేళ్లు నేనూ మీకు మెయిల్ పెట్టినవాళ్లలాగే డిస్క్రిప్షన్‌లో పేరు రాసి చాలనుకున్నాను, అది తప్పు, ఇప్పుడు ప్రతి క్లిప్‌కీ ముందే రాసుకుని డబ్బిస్తున్నాను. మారడానికి కారణం కూడా చెప్తాను. ఒక ఆవిడ క్లిప్ వాడాను, ఆవిడ నాకు కోపంగా ఏమీ రాయలేదు, ఆ క్లిప్ తీయడానికి తను ఎన్నిసార్లు వెళ్లిందో తేదీలతో సహా ఒక పేజీ రాసి పంపింది, కింద "మీ వీడియో ఎడిట్ చేయడానికి మీకు ఎన్ని గంటలు పట్టింది?" అని అడిగింది. లెక్కేస్తే నాకు ఐదు గంటలు. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను.

మీరు అడిగిన లెక్క ఇదిగో, నేను పాటించేది. ఒక వీడియో మీద ఛానెల్ చేతికి వచ్చిన డబ్బు 100 అనుకోండి. గుర్తుంచుకోండి, ఇది వేదిక కోసుకున్న తర్వాతి అంకె, యూట్యూబ్ పెద్ద వీడియోల యాడ్స్‌లో 55 శాతం ఛానెల్‌కి ఇస్తుంది, మిగతాది తను ఉంచుకుంటుంది. ఆ 100లో సగం నాది, వెతకడం, ఎడిటింగ్, వాయిస్, నా సబ్‌స్క్రైబర్లు, అన్నీ కలిపి. మిగిలిన 50 క్లిప్పుల వాళ్లది. ఆ 50లో నాలుగో వంతు, అంటే 12.5, థంబ్‌నెయిల్ ఎవరి ఫ్రేమో వాళ్లకి, ఎందుకంటే మనిషి నొక్కేది దాన్ని చూసే. మిగిలిన 37.5ని సెకన్ల లెక్కన పంచుతాను. మీది 480 సెకన్లలో 52, అంటే 4 కొంచెం పైన. థంబ్‌నెయిల్ కూడా మీదే కాబట్టి మొత్తం పదహారున్నర. వందకి పదహారున్నర అడగండి, అది గొంతెమ్మ కోరిక కాదు, కడుతున్నవాడిగా చెప్తున్నాను. మూడు నెలలకోసారి అనలిటిక్స్ (వ్యూస్, రాబడి చూపించే పేజీ) స్క్రీన్‌షాట్ కూడా అడగండి, అది చూపించనివాడి ఏ లెక్కనీ నమ్మకండి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంకో విషయం మీ చేతిలో ఉంచుకోండి. యూట్యూబ్‌లో రీయూజ్డ్ కంటెంట్ అని ఒక పాలసీ ఉంది, సొంతంగా చేర్చింది ఏమీ లేకుండా వేరేవాళ్ల వీడియోలు అతికించి పెడితే, హక్కుదారు అనుమతి ఉన్నా సరే, ఛానెల్ మానిటైజేషన్, అంటే యాడ్ డబ్బు వచ్చే వీలు, పోవచ్చు. కాబట్టి వాళ్లకి మీ అనుమతితో పాటు మీ క్లిప్ గురించి చెప్పడానికి నాలుగు మాటలు కూడా కావాలి. ఆ సాలీడు పాత దారాన్ని ఎందుకు తెంపుతుందో మీకు తెలుసు, వాళ్లకి తెలీదు. ఆ మాటలు రాసిస్తానని చెప్పండి, వాటా ఇంకొంచెం పెరుగుతుంది.

నల్లసిరా:

కత్తెరపని గారూ, మీరు డబ్బు కట్టడం మొదలుపెట్టారంటే మీ మీద గౌరవం పెరిగింది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ సగం దగ్గర నేను ఆగుతాను. మీరే చెప్పారు, ఐదు గంటలు. నిశిలెన్స్ గారివి మూడు రాత్రులు. వీడియోలో ఒక్క ఫ్రేమ్ కూడా మీరు తీయనప్పుడు సగం మీదని ముందే పక్కన పెట్టుకోవడం ఏ లెక్క? ఇంకో సంగతి, సెకన్లతో కొలవడం నాకు నచ్చదు. ముప్ఫై సెకన్ల మేఘాల షాట్‌కీ, ఎవరికీ దొరకని ముప్ఫై సెకన్లకీ ఒకే రేటు ఎలా వేస్తారు?

కత్తెరపని:

సగం ఎక్కువే కావచ్చు, వాయిస్ ఏమీ లేకుండా పాట ఒకటి వేసి వదిలే వీడియో అయితే నేనే మూడో వంతు తీసుకుంటాను. సెకన్ల సంగతికి వస్తే, ఏ క్లిప్ ఎంత అరుదైనదో నేను ఒక్కణ్ణే కూర్చుని తేల్చడం మొదలుపెడితే ప్రతివాళ్లతో గొడవ. యూట్యూబ్‌లో ఆడియెన్స్ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది, జనం ఏ సెకను దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ చూశారో అక్కడ గీత పైకి లేస్తుంది. నిశిలెన్స్ గారు ఆ గ్రాఫ్ అడగాలి. ఆ 52 సెకన్ల దగ్గర గుట్టలాగా లేచి ఉంటే ఇద్దరూ వాదించుకోనక్కర్లేదు, దాన్ని చూసి వాటా పెంచమనండి.

పాతరేడియో:

ఇది చదువుతుంటే పారిస్‌లో 1847లో జరిగింది గుర్తొస్తోంది. ఎర్నెస్ట్ బుర్జే అని ఒక సంగీతకారుడు ఒక కెఫేలో కూర్చున్నాడు, అక్కడ వాయిస్తున్నది ఆయన పాటే, ఆయనకి పైసా ఇవ్వట్లేదు. బిల్లు తెస్తే కట్టనన్నాడు, మీరు నా పాటకి కట్టరు, నేను మీరు పోసినదానికి కట్టను అని. గొడవ కోర్టుకెళ్లింది, ఆయనే గెలిచాడు. 1851లో సాసెమ్ అని పాటల వాళ్ల సంఘం పుట్టింది, ఇవాళ్టికీ నడుస్తోంది. బుర్జే కోర్టులో గెలవడం ఒక ఎత్తైతే, ఆ తర్వాత పాట రాసినవాడు ప్రతి కెఫే గుమ్మం ఎక్కక్కర్లేకుండా సంఘం వెళ్లి వసూలు చేసి పంచడం ఇంకో ఎత్తు. డెన్మార్క్‌లో 1946 నుంచి లైబ్రరీల్లో ఉన్న పుస్తకాలకి కూడా రచయితలకి డబ్బు వస్తోంది. చదివేవాడు ఏమీ కట్టడు, పుస్తకం ఉచితంగానే తీసుకెళ్తాడు, రచయితకి మాత్రం అందుతుంది. పంచుకుందాం గారి భయానికి ఇదే నా సమాధానం, చూసేవాడికి ఉచితంగా ఉంచుతూనే తీసినవాడికి ఇవ్వొచ్చు, అది డెబ్భై ఏళ్లకి పైగా జరుగుతున్న పనే.

ఇప్పుడు షార్ట్స్ సంగతి చూడండి, మీ దగ్గు వినిపిస్తున్న ఆ రెండో వీడియో. 2023 ఫిబ్రవరి నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో యాడ్ డబ్బు పంచుతోంది. ఒక షార్ట్‌లో ఒక పాట వాడితే, ఆ వ్యూస్ తాలూకు డబ్బులో సగం పాటల లైసెన్సుల ఖర్చుకి పోతుంది, సగమే క్రియేటర్ల వాటాలో కలుస్తుంది. రెండు పాటలు వాడితే మూడింట రెండు వంతులు పాటలకే. అంటే మీ సాలీడు మీద ఎవరో వేసిన ఆ పాట, లైసెన్స్ ఉన్న పాటైతే, దాని వాళ్లకి అడక్కుండానే వాటా వెళ్తోంది! బొమ్మ మొత్తం మీది, మీకు సున్నా. ఇది చేయడం సాధ్యం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, పాటకి రోజూ చేస్తున్నారు. పాట వెనక సంఘాలున్నాయి, కంపెనీలున్నాయి, నూట డెబ్భై ఏళ్ల అలవాటు ఉంది. దృశ్యం వెనక మీరు ఒక్కరే ఉన్నారు, అదొక్కటే తేడా.

యూరప్‌లో 2019లో తెచ్చిన కాపీరైట్ డైరెక్టివ్‌లో (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) 17వ ఆర్టికల్ పెద్ద వేదికల్నే హక్కుదారుల దగ్గర అనుమతి తెచ్చుకోమంటుంది, 18వది హక్కులు అప్పగించిన కర్తలకి తగినంత, పనికి తగ్గ నిష్పత్తిలో పారితోషికం ఉండాలంటుంది. కాగితం మీద బాగుంది. కానీ వేదిక వెళ్లి అనుమతి ఎవర్ని అడుగుతుంది? పెద్ద కంపెనీల్ని అడుగుతుంది, సంఘాల్ని అడుగుతుంది. విడివిడిగా ఉన్న లక్ష మందిని అడగదు. పురుగులు తీసేవాళ్లు, పక్షులు తీసేవాళ్లు ఓ ముప్ఫై మంది కలిసి ఒకే రేటు కార్డు, ఒకే మెయిల్ అడ్రస్ పెట్టుకున్నా కత్తెరపని గారి లాంటి వాళ్లకి కూడా సుఖం. నేను ఇది చాలా కాలంగా చెప్తున్నాను, ఎవరూ మొదలుపెట్టట్లేదు.

మూడోస్ట్రైక్:

నేను చేరతాను, పక్షులు తీస్తాను.

నిశిలెన్స్:

ఐదు వారాలైంది, ఏం జరిగిందో రాస్తానని అనుకుంటూనే ఉన్నాను.

ముందు లైసెన్స్ చూసుకున్నాను, స్టాండర్డే ఉంది, అప్పుడు ఊపిరి తీసుకున్నాను. రికార్డింగులు చేసుకున్నాను. పెద్ద ఛానెల్‌కి కత్తెరపని గారి లెక్క వేసి, మూడు రాత్రుల తేదీలు రాసి, రిటెన్షన్ గ్రాఫ్ చూపించమని మెయిల్ పెట్టాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. 7 రోజుల గడువుతో తీసేయమని ఫారం వేసిన మర్నాడే ఫోన్ వచ్చింది. గొంతు వణికింది, కానీ ముందే కాగితం మీద రాసుకున్నది చూసి చదివినట్టే చెప్పాను. ముందు ఒకేసారి ఇంత ఇస్తాం అన్నారు, నేను శాతమే అన్నాను. గ్రాఫ్ పంపారు. నా 52 సెకన్ల ముక్క దగ్గర గీత నిజంగానే లేచి ఉంది, వీడియో మొత్తంలో అంత ఎత్తు ఇంకెక్కడా లేదు. నేను దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నూటికి 18 దగ్గర తేలింది, ఇప్పటిదాకా వచ్చినదానికి కూడా. లింకు పైకి తెచ్చారు. సాలీడు ఏం చేస్తోందో ఆరు వాక్యాలు రాసిచ్చాను, వాయిస్ చెప్పి కొత్త కంపైలేషన్‌లో పెడతామన్నారు. కొత్తదానికి విడిగా ఒప్పందం రాసుకుందామన్నాను, సరే అన్నారు. మొదటి డబ్బు పడ్డాక గడువు తీరకముందే నా రిక్వెస్ట్ వెనక్కి తీసుకున్నాను.

షార్ట్ పెట్టినవాళ్లు జవాబే ఇవ్వలేదు, వారం తర్వాత అది పోయింది. వాళ్లకి ఎంత వచ్చిందో నాకు తెలిసే దారి లేదు, అందులో నాకు రావాల్సింది నాకు రాదు. ఆ వేరే యాప్‌లో పేజీ మీద రెండుసార్లు ఫారం నింపాను, ఇంకా అలాగే ఉంది. దాని గురించి కోపం తగ్గలేదు, దాచుకోను.

ఇప్పుడు ప్రతి వీడియో కింద మొదటి మూడు లైన్లలోనే రాసి పెడుతున్నాను: చదువు చెప్పడానికైతే ఉచితం, లింకు ఇచ్చినా ఎంబెడ్ చేసినా అడగక్కర్లేదు, యాడ్స్ వేసుకునే వీడియోలో ముక్క కావాలంటే ముందు మెయిల్ పెట్టండి, వాటా ఇంత, థంబ్‌నెయిల్‌కి విడిగా ఇంత. పంచుకుందాం గారి మాట మనసులో ఉండే ఆ మొదటి లైన్ రాశాను. అది పెట్టిన పది రోజులకి ఒక టీచర్ రాశారు, క్లాసులో చూపిస్తాం, ఎంత ఇవ్వాలి అని. ఏమీ వద్దండీ, 14 నిమిషాలూ చూపించండి అన్నాను. పిల్లలు అడిగిన ప్రశ్నలు తర్వాత నాకు పంపారు. సాలీడు తన జిగురులో తనే ఎందుకు అతుక్కోదు అని నలుగురు అడిగారట, దాని కాళ్ల మీద షూటింగ్ మొన్ననే మొదలుపెట్టాను.

పాతరేడియో గారూ, ఆ ముప్ఫై మందిలో ఇప్పటికి ఏడుగురమయ్యాం. రేటు కార్డు ముసాయిదా నేను రాస్తున్నాను. నల్లసిరా గారూ, రాసేవాళ్లకి ఏ లెక్క పెట్టాలో మీరే చెప్పాలి, పదాల లెక్కనా, వీడియోలో చదివిన నిమిషాల లెక్కనా?